జైసల్మేర్ అరేనా, చిక్కపేట సందు: ఒక మోడల్ షాపు గురించి

ముందే చెప్పేస్తున్నా, ఈ షాపుకి బోర్డు లేదు, మ్యాపులో వెతికినా దొరకదు. చిక్కపేట మెట్రో దిగి అవెన్యూ రోడ్డు వైపు నడిస్తే ఒక సందు వస్తుంది, అందులో మేడ మీద. లేజర్ మిషన్ కింద చెక్క కాలే వాసన వస్తే సరైన మెట్లే ఎక్కుతున్నట్టు. మేం గీసిన కట్టడాలకి చిన్న నమూనాలు, అంటే మోడళ్ళు, చేసిపెట్టే షాపు ఇది. బెంగళూరులో ఆర్కిటెక్చర్ చదివే మా తెలుగు పిల్లలకి అది కదిరన్న షాపు. ఆయనది కదిరి, అందుకని. అసలు పేరు ఈ ఐదేళ్ళలో నేను అడిగిందీ లేదు, ఆయన చెప్పిందీ లేదు.

నాకు కావాల్సింది ఫైనల్ ఇయర్ థీసిస్ మోడల్. రాజస్థాన్ ఎడారిలో జైసల్మేర్ ఊరి బయట పదివేల మంది పట్టే అరేనా, ఒక రోజు కబడ్డీ, ఇంకో రోజు పాటల ప్రోగ్రాం. జైసల్మేరే ఎందుకంటే మాది అనంతపురం. దేశంలో జైసల్మేర్ తర్వాత వాన తక్కువ పడేది మా జిల్లాలోనే అని స్కూల్లో సోషల్ సార్ దగ్గర్నుంచి బస్సులో పక్క సీటాయన దాకా అందరూ చెప్పగా విని పెరిగాం. మాకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడుతుంది, వాళ్ళకి 200 కూడా కష్టం. ఆ "తర్వాత" అనే మాటలో ఎంత దూరం ఉందో థీసిస్ మొదలుపెట్టాక గానీ తెలియలేదు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఏటి ఇసుక పొలాల మీదికి ఎక్కడం చూసినదాన్ని, ఎడారి నాకేం కొత్త అనుకున్నా. కొత్తే.

నా మొదటి డ్రాయింగులో పడమర వైపు మొత్తం అద్దాలు. కంప్యూటర్ బొమ్మలో సూర్యాస్తమయం భలే పడింది మరి! గైడ్ మేడం కూడా "నైస్" అన్నారు. కదిరన్న మాత్రం షీటు బల్ల మీద పరిచి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"పాపా, ఆట ఎన్నింటికి?"

ఏడింటికన్నా.

"జనం ఎన్నింటికొస్తారు?"

ఐదింటి నుంచీ వస్తారన్నా.

"ఐదింటికి వాళ్ళు యాడ నిలబడతారు?"

గేటు దగ్గర అన్నా. గేటు ముందు నేను గీసింది నల్ల తారు పార్కింగు, దాని మీద నీట్‌గా తెల్ల గీతలు. ఆయన వేలు ఆ తారు మీదే పెట్టి అట్లాగే ఉన్నాడు, నాకు సిగ్గేసింది.

కదిరన్న షాపు పెట్టకముందు పదకొండేళ్ళు కువైట్‌లో వడ్రంగం చేశాడు. ఎండ గురించి ఆయనతో వాదించి లాభం లేదు. నేను నా చదువు చూపించుకుందామని, 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది తెలుసా అన్నా, ఆసియా మొత్తానికీ అదే రికార్డు అని. "నంబరు నాకెందుకు పాపా, తలుపు పిడి పట్టుకుంటే తెలుస్తాది" అన్నాడు. అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట పని చేయించకూడదని రూలు ఉంది. "నాలుగు కొట్టినాక పన్లోకి పోతాం సరే, అప్పుడు సూర్యుడు కాదు కాల్చేది, నేల." పొద్దంతా తాగిన వేడిని నేల సాయంత్రం కక్కుతుంది, అరేనాకి జనం వచ్చేది కూడా సరిగ్గా ఆ టైముకే. నేను మూడు నెలలు లోపలి గిన్నె (ఆట స్థలం, దాని చుట్టూ సీట్లు) గురించి, సీట్ల వాలు గురించి, లైట్ల గురించి ఆలోచించాను. బయట గంటన్నర నిలబడే మనిషి గురించి ఒక్క షీటు కూడా లేదు.

ఇంటికి పోయి మళ్ళీ మొదలుపెట్టా. పార్కింగు మీద సోలార్ పలకల నీడ. అక్కడి నుంచి గేటు దాకా జైసల్మేర్ పాత ఊరి సందుల్లాగా ఇరుకు దారులు, పక్కన ఎత్తు గోడలు, ఏ పూటకైనా ఒక వైపు నీడ ఉండేలా. తలుపులు ఒకటి కాదు, రెండు వరసలు, మధ్యలో చిన్న గది, చల్లగాలి మొత్తం ఒకేసారి బయటికి పోకుండా. అద్దాలు పోయాయి. ఖతార్‌లో చల్లబరిచిన స్టేడియాల గురించి గొప్పగా చెప్పుకుంటాం గానీ, అంత డబ్బు పోసినవాళ్ళు కూడా ఫుట్‌బాల్ వరల్డ్ కప్పుని ఎండాకాలం వదిలేసి 2022 నవంబర్ 20, డిసెంబర్ 18 మధ్యలో పెట్టుకున్నారు. ఎండాకాలంతో ఎవరు పోట్లాడతారు చెప్పండి.

ఈ సలహాలకి కదిరన్న పైసా తీసుకోలేదు. మళ్ళీ కట్ చేసినందుకు మాత్రం ముక్కుపిండి తీసుకున్నాడు, అది న్యాయమే.

ఇక అసలు పనితనం. నాది సెక్షన్ మోడల్, అంటే అరేనాని పుచ్చకాయలాగా మధ్యకి కోసి లోపల చూపించేది, 1:200 స్కేలు. గిన్నెని నేలలోకి దించాను. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, కాలిఫోర్నియా ఎడారిలో పామ్ స్ప్రింగ్స్ దగ్గర అక్రిజర్ అరేనా అని 2022 డిసెంబర్‌లో తెరిచారు, దాన్ని అట్లాగే నేలలోకి తవ్వి కూర్చోబెట్టారు. బయటి నుంచి చూస్తే అంత పెద్ద కట్టడంలా కనపడదు, లోపల పదకొండు వేల మంది పడతారు. పైగా అక్కడ ఆడేది ఐస్ హాకీ! ఎడారిలో! ఇది చెప్తే కదిరన్న చాలాసేపు నవ్వాడు. నేల లోతుకి పోయేకొద్దీ పగలు రాత్రి తేడా, తర్వాత ఎండాకాలం చలికాలం తేడా కూడా తగ్గిపోతాయి, మా సీమలో మట్టి మిద్దెల మందపాటి గోడలు చేసే పనే ఇక్కడ భూమి చేస్తుంది. తవ్విన మట్టిని చుట్టూ గట్టుగా పోస్తే దుమ్ముకీ అడ్డం, శబ్దానికీ అడ్డం. నేల పొరలన్నీ ఆయన కార్క్ షీటుతో కోశాడు, ఒక్కో పొర అంచు ఇసుక కాగితంతో రుద్ది, పక్క నుంచి చూస్తే నిజంగా తవ్విన గుంతలాగే ఉంది. గట్టు మీద ఇసుకకి షాపులో ఊడ్చిన రంపపు పొట్టు జల్లెడ పట్టి జిగురు మీద చల్లాడు. దీనికి ఐదు స్టార్లు కాదు, ఆరు ఇస్తా.

గుంత అనగానే ఆయన అడిగిన రెండో ప్రశ్న, "వానొస్తే?" ఎడారిలో వానేంటన్నా అనబోయి ఆగిపోయా, ఎందుకంటే అప్పటికే చదివాను. 2006 ఆగస్టులో జైసల్మేర్ పక్కనే బాడ్మేర్ జిల్లాలో కవాస్ ఊరు మునిగిపోయింది. కింద జిప్సం పొర ఉండటంతో నీళ్ళు ఇంకక రోజుల తరబడి నిలబడిపోయాయి. సరే అని గట్టు బయట కాలవ, గిన్నె అడుగున నీళ్ళ తొట్టి, పంపులు పెట్టాం. ఆ తొట్టి మోడల్లో నీలం అక్రిలిక్ ముక్క, బొటనవేలి గోరంత. జ్యూరీ, అంటే థీసిస్ చూసి ప్రశ్నలేసేవాళ్ళు, మొదట చూసింది దాన్నే.

చల్లదనం లెక్క కూడా చెప్తా, ఇది నాకు భలే నచ్చిన లెక్క. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. పదివేల మంది అంటే పది లక్షల వాట్లు. ఆ వేడి తీసెయ్యడానికే మన ఇళ్ళల్లో ఉండే ఒకటిన్నర టన్ను ఏసీలు 190 దాకా కావాలి. లైట్లు, స్పీకర్లు, తలుపుల్లోంచి వచ్చే వేడి వేరే. ఇంక పాట నచ్చి అందరూ లేచి ఎగిరితే మీరే ఆలోచించుకోండి. అందుకే మొత్తం గాలిని చల్లబరచడం దండగ, మనిషి ఉన్నచోటే చల్లబరచాలి. ఖతార్‌లో సీట్ల కింద చిన్న చిన్న రంధ్రాల్లోంచి చల్లగాలి వదిలారు, చల్లగాలి బరువు కాబట్టి కిందే ఉంటుంది. నేలలోకి దించిన గిన్నెకి ఇది ఇంకా బాగా సరిపోతుంది, బావిలో చల్లదనంలాగా. నీళ్ళ కూలర్ పద్ధతి వరండాల్లో పెట్టాను, పొడి గాలిలో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇదే కూలర్ మా పిన్ని వాళ్ళింట్లో చెన్నైలో పెట్టి మే నెలలో చూశాను, చెమటకి తోడు ఇంకాస్త చెమట. కానీ ఎడారిలో ఆ నీళ్ళు తెచ్చేదెక్కడి నుంచి అనే గొడవ ఉండనే ఉంది, అందుకే వరండాలతో ఆపేశాను.

సీట్ల మెట్ల నిలువు ముఖాల్లో ఆ చల్లగాలి రంధ్రాలు చూపిద్దామంటే లేజర్ ఖర్చు ఏడిపించింది. లేజర్‌కి నిమిషాల లెక్కన డబ్బులు, అంటే ప్రతి రంధ్రానికీ డబ్బే. నా జాలీ గోడ (గాలి ఆడేలా రంధ్రాలు చెక్కిన గోడ) చూసి ఆయనే, "ఇది కట్ చేస్తే నీ ఫీజు కంటే ఎక్కువైతాది" అన్నాడు. జాలీ ఐడియా నాకు జైసల్మేర్ దగ్గర కనోయిలో ఉన్న రాజకుమారి రత్నావతి ఆడపిల్లల బడి చూసి వచ్చింది, డయానా కెలాగ్ డిజైన్ చేసింది, పసుపు రాతితో కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, ఏసీ లేదు. నేను గోడ కింది నుంచి పైదాకా రంధ్రాలు పెట్టేశా. ఆయన అడ్డంగా పెన్సిల్ గీత గీసి, "ఈ గీత కింద మూసెయ్. ఇసుక కింద కిందనే ఎగురుతాది, గాలి యాడ నిదానిస్తే ఆడ కూర్చుంటాది" అన్నాడు. పుస్తకం తీసి చూస్తే నిజమే, గాలికి ఎగిరే ఇసుకలో ఎక్కువ భాగం నేలకి దగ్గరగానే పోతుంది, పైకి లేచేది సన్న దుమ్ము. దానికి ఫిల్టర్లు పెట్టుకోవాలి, గాలి లోపలికి పీల్చుకునే చోటు ఎత్తులో ఉండాలి. ఒక్క పెన్సిల్ గీతతో నాకు ఖర్చు మూడో వంతు తగ్గింది, డిజైనూ బాగుపడింది.

ఇంకొకటి చెప్పాలి. అరిజోనాలో గ్లెండేల్ స్టేడియంలో గడ్డి నేల మొత్తాన్ని ఒక పెద్ద ట్రేలో పెట్టి ఎండ కోసం బయటికి జరుపుతారు, 2006 నుంచీ. వీడియో చూపిస్తే కదిరన్న ముఖం వెలిగిపోయింది, "ఇది సొరుగు కదా పాపా!" అంతే, నా మోడల్లో కబడ్డీ కోర్టునీ స్టేజీనీ రెండు సొరుగులుగా చేసి పెట్టాడు, వేలితో లాగితే ఒకటి వస్తుంది, ఇంకోటి పోతుంది. నేను అడగలేదు. దానికి డబ్బు కూడా వేయలేదు.

ఇప్పుడు తిట్లు. రెండు రోజులు లేటు. గురువారం అన్నది శనివారం సాయంత్రం ఇచ్చాడు, జ్యూరీ సోమవారం, ఆ రెండు రోజులు నాకు అన్నం దిగలేదు. ఫోన్ ఎత్తడు, ఎత్తితే "అయిపోయింది పాపా, జిగురు ఆరుతాంది" అంటాడు, పోయి చూస్తే ఇంకా కొయ్యనే లేదు. పైకప్పుని మోసే చట్రాల (ట్రస్సుల) దగ్గర రెండు చోట్ల లేజర్ మసి అట్లాగే ఉంది, నేనే తుడుచుకున్నా. బిల్లు ఇవ్వడు. పద్నాలుగు వేలు అనుకున్నది పదహారున్నర అయింది, అందులో నా మార్పులకి ఒక వెయ్యి పోయుండొచ్చు, మిగతాది ఎందుకో ఆయనకే తెలియాలి. షాపులో కూర్చోవడానికి స్టూలు కూడా లేదు. జనం యాడ నిలబడతారని నన్ను అడిగిన మనిషి, తన కస్టమర్లని మెట్ల మీద నిలబెడతాడు.

అన్నింటికంటే ఘోరం, శనివారం వెళ్ళి చూస్తే మోడల్ చుట్టూ పచ్చటి స్పాంజి చెట్లు! అపార్ట్‌మెంట్ మోడళ్ళకి అంటించేవి, ఓ నలభై. అన్నా, ఇది ఎడారి అన్నా! "చెట్లు లేకుంటే బోసిగా ఉంది కదా" అన్నాడు. పీకించేశా. మరి ఏం పెట్టాలని అడిగితే, అక్కడ ఖేజ్రీ అనే చెట్టు ఉంటుంది, ఎంత కరువొచ్చినా బతుకుతుంది అని ఫోన్లో ఫొటో చూపించా. ఆయన ఒక్క చూపు చూసి, "జమ్మి చెట్టు కదా ఇది" అన్నాడు. నిజంగానే జమ్మి చెట్టే, ప్రోసోపిస్ సినరేరియా. దసరాకి ప్రతి ఏడూ ఆకులు చేతిలో పెట్టుకుని పెద్దవాళ్ళ కాళ్ళకి దండం పెట్టినదాన్ని, నాలుగు నెలలు ఇంగ్లీషు పేపర్లు చదివి కూడా గుర్తుపట్టలేకపోయా. చీపురులోంచి సన్న పుల్లలు విరిచి, కొసలకి కాస్త రంపపు పొట్టు అద్ది, గేటు దారి పొడవునా ఇరవై జమ్మి చెట్లు నాటాడు, రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చుని.

జ్యూరీ బాగానే జరిగింది. రాత్రిపూట ఎడారిలో నేల త్వరగా చల్లబడితే శబ్దం పైకి పోకుండా కిందికి వంగి ఊళ్ళ దాకా పోతుంది కదా, పైకప్పు తెరిస్తే ఎట్లా అని ఒక సార్ అడిగారు, మట్టి గట్టు చూపించి సగం తప్పించుకున్నా. చిన్న చిన్న మనుషుల బొమ్మల్ని గేటు దగ్గర నీడలో వరసగా నిలబెట్టడం మాత్రం అందరికీ నచ్చింది.

మీరు వెళ్తే జ్యూరీకి పది రోజుల ముందే ఇవ్వండి, ఆయనకి మాత్రం ఆరు రోజులే ఉన్నాయని చెప్పండి. రేటు కాగితం మీద రాయించుకోండి. పెద్ద మోడలైతే ఆ మెట్ల మీది నుంచి దించడానికి ఇద్దరు కావాలి, ఆటోలో పట్టదు, టాటా ఏస్ మాట్లాడుకోండి. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా షట్టర్ సగం దించి పడుకుంటాడు, లేపకండి, రేటు పెరుగుతుంది.