ఆటలు పెరిగాయి, ఆడేవి తగ్గాయి: ప్లేనైట్‌తో ఆరేళ్లు

ఒకే ఆటను రెండుసార్లు కొన్నాను. మొదటిసారి ఒక స్టోర్‌లో, రెండేళ్ల తర్వాత డిస్కౌంట్ చూసి ఇంకో స్టోర్‌లో. తీరా ఇన్‌స్టాల్ చేద్దామని చూస్తే డిస్క్‌లో ఆ పేరుతో ఫోల్డర్ అప్పటికే ఉంది. అప్పట్లో నా పీసీలో నాలుగు లాంచర్లుండేవి (ఆటలు కొని, నడిపించే స్టోర్ ప్రోగ్రాములు), ఒక్కోదానికి ఒక్కో లైబ్రరీ. అవి చాలవన్నట్టు డెస్క్‌టాప్ నిండా పాత ఆటల షార్ట్‌కట్లు. అన్ని స్టోర్ల ఆటల్నీ ఒకే జాబితాలో చూపించే ప్లేనైట్ అనే ప్రోగ్రామ్ వేసుకున్నది ఆ రాత్రే. ఇది ఆరేళ్ల కిందటి మాట.

ఆటలన్నీ ఒకచోట చేర్చే పని విండోస్ కూడా ఒకసారి నెత్తికెత్తుకుంది. 2007లో విస్టాతో గేమ్స్ ఎక్స్‌ప్లోరర్ వచ్చింది. ఆటతోపాటు జీడీఎఫ్ అనే సమాచారం ఉంటే బొమ్మ, వయసు రేటింగ్ అందులో కనబడేవి. లేని ఆటల్ని మనమే లాక్కొచ్చి వేసుకోవాలి. 2018లో విండోస్ 10 వెర్షన్ 1803తో దాన్ని తీసేశారు. ఆ మరుసటి ఏడాది స్టీమ్ అనే ఆటల స్టోర్ తన లైబ్రరీని కొత్తగా కట్టి, ఆటల్ని గుంపులుగా పెట్టుకునే కలెక్షన్లు తెచ్చింది. మీ ఆటలన్నీ స్టీమ్‌లోనే ఉంటే ఆ కలెక్షన్లు మీకు చాలు, ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు.

నాలా నాలుగు చోట్ల అప్పుచేసినట్టు కొన్నవాళ్లకే ప్లేనైట్. ఉచితం, ఓపెన్ సోర్స్. స్టీమ్, ఎపిక్, గాగ్ (GOG) లాంటి స్టోర్ల ఖాతాలు కలిపితే కొన్నవన్నీ ఒకే జాబితాలోకి వస్తాయి, ఇన్‌స్టాల్ చేసి ఉన్నా లేకపోయినా. అలాగని లాంచర్లను పీకేయొచ్చనుకోకండి. స్టీమ్ ఆట మీద నొక్కితే వెనకాల స్టీమ్ లేవాల్సిందే. ప్లేనైట్ ముందు గదిలో కూర్చున్న గుమాస్తా, అంతే.

మొదటి వారాంతం అంతా కేటగిరీలు చేస్తూ గడిపాను. 'వంతులవారీ స్ట్రాటజీ', 'వానాకాలం ఆటలు', 'కథ బాగుంటుందట'... లెక్కపెడితే నలభై దాటాయి. తర్వాతి ఏడాదిలో వాటిలో నేను తెరిచినవి రెండో మూడో. కొత్త ఆట కొన్నప్పుడల్లా దాన్ని ఎందులో వేయాలో ఆలోచించడానికే బద్ధకం వేసేది. ఓ రోజు అన్నిటినీ ఒకేసారి సెలెక్ట్ చేసి, బల్క్ ఎడిట్‌లో కేటగిరీల గడి ఖాళీ చేసేశాను. ఎంత హాయిగా ఉందో! ఆట ఏ జాతిదో ఎలాగూ ఇంటర్నెట్ నుంచి వచ్చే వివరాల్లో ఉంటుంది. నేను చెప్పాల్సింది నాకు మాత్రమే తెలిసిన సంగతి: ఆ ఆటతో నేను ఎక్కడున్నాను?

దానికి 'కంప్లీషన్ స్టేటస్' అనే గడి ఉంది. ఆడనిది, ఆడుతున్నది, పూర్తయింది, పక్కన పెట్టింది, వదిలేసింది, ఇలా. ప్లేనైట్‌లో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. ముఖ్యంగా 'వదిలేసింది'. 2018 డిసెంబర్ నుంచి ఎపిక్ ఉచితంగా ఇస్తున్న ఆటలు తీసుకుంటూ పోతే లైబ్రరీ ఊరికే ఉబ్బుతుంది. అందులో సగం నేను ఏనాడూ ముట్టుకోను. వాటిని హైడ్ చేశాను. మొదలుపెట్టి నచ్చక ఆపినవాటికి 'వదిలేసింది' పెట్టాను. తొమ్మిది వందల చిల్లర జాబితా రెండు వందలకు దిగింది.

ఇప్పుడు రోజూ వాడేది ఒక్క ఫిల్టరే. దాని పేరు 'ఈ రాత్రి'. షరతులు మూడే: ఇన్‌స్టాల్ అయి ఉండాలి, స్టేటస్ 'ఆడుతున్నది' కావాలి, నేను వేసిన 'పొట్టి' ట్యాగ్ ఉండాలి. పది గంటల్లో అయిపోయే ఆటకే ఆ ట్యాగ్. దీన్ని ప్రీసెట్‌గా సేవ్ చేసుకున్నాను కాబట్టి ఒక్క నొక్కుతో వస్తుంది. ఇప్పుడందులో ఆరు ఆటలున్నాయి. ఒకటి ఏడాదిగా అక్కడే ఉంది, దాన్ని 'వదిలేసింది'లోకి తోయడానికి మనసొప్పట్లేదు.

పేర్ల వరస ఇంకో తలనొప్పి. ఫైనల్ ఫాంటసీ తొమ్మిదో భాగం ఐదో భాగం కన్నా ముందొచ్చి కూర్చుంటుంది. రోమన్ అంకెల్లో తొమ్మిది 'ఐ' అక్షరంతో మొదలవుతుంది, ఐదేమో 'వి'తో. అక్షరక్రమానికి అంతకు మించి ఏం తెలుసు పాపం! ఇలాంటివాటికి ఎడిట్ విండోలో 'సార్టింగ్ నేమ్' అనే గడి ఉంది. కనబడే పేరు అలాగే ఉంచి ఇందులో 05, 09 అని రాస్తే వరస కుదురుతుంది. ముందు సున్నా మర్చిపోకండి, లేకపోతే పదో భాగం రెండో భాగం ముందుకొచ్చే ప్రమాదం ఉంది. సిరీస్‌లో ఎక్కడో మధ్యలో జరిగే కథ ఉంటే 03.5 అని పెడతాను.

కవర్ల పిచ్చి గురించి చెప్పకపోతే నిజాయితీ కాదు. స్టీమ్ నిలువు బొమ్మలు 600×900 కొలతలో ఉంటాయి. వేరే చోటి నుంచి వచ్చినవి కొంచెం లావుగానో పొట్టిగానో ఉంటాయి. గ్రిడ్‌లో పక్కపక్కన పెడితే అంచులు తెగిపోతాయి, లేదా చుట్టూ ఖాళీ వస్తుంది. స్టీమ్‌గ్రిడ్‌డీబీ అనే సైట్‌లో అభిమానులు గీసిన బొమ్మలు దొరుకుతాయి. ఒక్కో సిరీస్‌కి ఒకే చేతి గీత ఉండేలా ఏరుకుంటూ రాత్రి రెండింటి దాకా కూర్చున్న రోజులున్నాయి. ఆ రోజుల్లో ఆట ఒక్కటీ ఆడలేదు.

ఆ బొమ్మలన్నీ ఒక్కరోజులో పోయాయి. తప్పు పూర్తిగా నాదే. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేముందు ఆటల డ్రైవ్ భద్రంగా ఉందని చూసుకుని సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టాను. మామూలు ఇన్‌స్టాల్‌లో ప్లేనైట్ సమాచారమంతా యూజర్ ఫోల్డర్ లోపలి యాప్‌డేటాలో ఉంటుంది, అంటే సీ డ్రైవ్‌లోనే. ఆటలు మిగిలాయి. స్టేటస్‌లు, ట్యాగులు, 05లు, 09లు, బొమ్మలు అన్నీ గాలికి పోయాయి. ఇప్పుడు పోర్టబుల్‌గా వాడుతున్నాను, మొత్తం ఒకే ఫోల్డర్, ఆటల డ్రైవ్‌లోనే. ప్లేనైట్‌లోనే ఉన్న బ్యాకప్ కూడా అప్పుడప్పుడూ తీసి వేరే డిస్క్‌లో పెడతాను.

సేవ్ ఫైళ్ల సంగతీ అప్పుడే తెలిసొచ్చింది. కొన్ని డాక్యుమెంట్స్‌లో 'మై గేమ్స్' కింద, కొన్ని యాప్‌డేటాలో Local, LocalLow, Roaming అంటూ మూడు మూలల్లో, కొన్ని 'సేవ్డ్ గేమ్స్'లో, మరికొన్ని ఆట ఫోల్డర్‌లోనే. లుడుసావి అనే ఉచిత ప్రోగ్రామ్ ఇవన్నీ వెతికి బ్యాకప్ తీస్తుంది. ప్లేనైట్‌కి దాని ప్లగిన్ (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఉంది, ఆట మూయగానే కాపీ పడిపోతుంది. బొమ్మల కన్నా ముందు దీన్ని పెట్టుకోండి.

ఆడిన సమయం లెక్కని గుడ్డిగా నమ్మొద్దు. మాడ్‌లతో (అభిమానులు చేసిన మార్పులతో) ఆడే ఒక ఆటకి నలభై గంటలు పోశాను, జాబితాలో మూడు నిమిషాలని ఉంది. నేను మాడ్ లాంచర్‌ని తెరిచే యాక్షన్ పెట్టుకున్నాను. అది ఆటను లేపి తాను మూసుకునేది, లెక్కా అక్కడే ఆగేది. ట్రాకింగ్‌ని ఆట ఫోల్డర్‌కి మార్చాక సరిపోయింది. పాత గంటలు చేత్తో దిద్దాను.

సోఫాలో కంట్రోలర్‌తో ఆడేటప్పుడు ఎఫ్11 నొక్కితే ఫుల్‌స్క్రీన్ మోడ్ వస్తుంది. బాగుంది. థీమ్‌లు బోలెడు ఉన్నాయి, నేను మొదటిదే ఉంచాను. ప్లగిన్లు కూడా మితంగా వేసుకోవడం మేలు. ఒక దశలో ఇరవై పైగా పెట్టాను, అన్నీ తీసి ఐదు మిగిల్చాక తెరుచుకోవడంలో తేడా కళ్లకే కనబడింది.

నాకు మిగిలిన పెద్ద లోటు ఒక్కటే, ఇది విండోస్ దాటి రాదు. లినక్స్ ఉన్న నా చిన్న ల్యాప్‌టాప్‌లో ఎపిక్, గాగ్ ఆటలకు హీరోయిక్, మిగతావాటికి లూట్రిస్ అనే లాంచర్లు వాడుతున్నాను. రెండూ ఆటల్ని నడపడంలో గట్టివే. కానీ నా స్టేటస్‌లు, 'పొట్టి' ట్యాగులు ప్లేనైట్ డేటాబేస్‌లోనే ఉండిపోయాయి. అందుకే ఆ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ మూడు ఆటలే ఉంచుతాను, వాటికి ఫిల్టర్ అక్కర్లేదు.