గన్నవరం నుంచి విశాఖ: విమానం గంటే, మరి మిగతా టైమో?

మా పిన్ని కూతురి పెళ్లి విశాఖలో. అమ్మకి మోకాళ్ల నొప్పులు కదా, ఈసారి విమానంలో తీసుకెళ్దామనుకున్నాను. ఫోన్‌లో చూస్తే మా విజయవాడ విమానాశ్రయం గన్నవరం నుంచి విశాఖ విమానాశ్రయానికి నేరుగా సుమారు 290 కిలోమీటర్లు, ప్రయాణం గంట. అదే రైలు దారిలో అయితే 350. "పొద్దున బయల్దేరితే టిఫిన్ టైముకి పిన్ని ఇంట్లో ఉంటాం" అన్నాను. ఆ మాట పట్టుకుని అమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

విమానం తొమ్మిదికి. సత్యనారాయణపురంలో ఆరుంబావుకే కారెక్కాం. గన్నవరం 20 కిలోమీటర్లే, కానీ రామవరప్పాడు రింగ్ దగ్గర ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేరు. కౌంటరేమో గంట ముందే మూసేస్తారు. సెక్యూరిటీ దగ్గర అమ్మ చేతిసంచిలో ఆవకాయ సీసా బయటపడింది. పైకి తీసుకెళ్లనివ్వం అన్నారు. మళ్లీ వెనక్కి పరిగెత్తి దాన్ని లగేజీలో వేయించేసరికి నాకు చెమటలు పట్టాయి. తీరా చూస్తే డిసెంబరు పొగమంచు వల్ల విమానమే 40 నిమిషాలు లేటు!

మాది ఫ్యాన్ రెక్కల ఏటీఆర్. పెద్ద జెట్ అంత వేగం ఉండదు. పైగా టికెట్ మీద గంట అంటే రన్‌వే దాకా నడిపేది, దిగాక ఆగేది కూడా కలిపి. గాల్లో ఉన్నది ముప్పావు గంటే. వెనక తలుపు దగ్గర మెట్లెక్కడానికి అమ్మ కష్టపడింది. టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చైర్ అడిగి ఉండాల్సింది, అది నా తప్పే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. రెండు విమానాశ్రయాలకీ మధ్య గీత గీస్తే రాజమండ్రి మీదుగా పోతుంది. కుడివైపు కిటికీలోంచి ధవళేశ్వరం ఆనకట్ట, పాయలుగా విడిపోయిన గోదావరి కనిపించాయి. ఆ అయిదు నిమిషాలకే టికెట్ డబ్బులు గిట్టుబాటయ్యాయనిపించింది.

సామాను తీసుకుని, క్యాబ్ ఎక్కి మద్దిలపాలెం చేరేసరికి పదకొండూ ముప్పావు. అంటే గుమ్మం నుంచి గుమ్మానికి అయిదున్నర గంటలు.

గది ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర తీసుకున్నాం. సముద్రం కనపడదు కానీ స్టేషన్ దగ్గర, ఆటోలు ఎప్పుడూ ఉంటాయి. పెళ్లి పనికి అదే నయం.

తిరుగు ప్రయాణం వందే భారత్‌లో. విజయవాడకి నాలుగు గంటల చిల్లర. స్టేషన్‌కి అరగంట ముందు వెళితే చాలు, ఆవకాయ గురించి అడిగేవాళ్లే లేరు. పొగమంచు లేని రోజున విమానం ఓ గంట కలిసొస్తుందేమో, ఆ గంట కోసం ఇంత టెన్షన్ నాకొద్దు. హనుమాన్ జంక్షన్ వైపు ఉండేవాళ్లకి విమానం బాగానే ఉంటుంది. గుంటూరు బాబాయి అడిగితే మాత్రం వద్దన్నాను. గన్నవరం రావడానికే 50 కిలోమీటర్లు దాటుతుంది, దానికి బదులు గుంటూరులోనే సింహాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కూర్చోవచ్చు. రేపు విశాఖ విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారితే ఊళ్లోకి రావడానికే ఇంకో గంట వేసుకోవాలి.

అమ్మకి వందే భారత్ మీద ఒక్కటే ఫిర్యాదు. గోదావరి వంతెన మీద చిల్లర వేద్దామంటే అద్దాలు తెరుచుకోలేదు. మాఘమాసంలో మళ్లీ విశాఖ వెళ్లాలి. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో మామూలు సీటుకి చేయించమంది. ఆరు గంటలైనా సరేనట.