బొగోరియానా, నకురూనా? రాజహంసల కోసం కెన్యా వెళ్ళేవాళ్ళకు

కెన్యా వెళ్ళొచ్చానని తెలిస్తే చాలు, అందరూ అడిగేది ఒకటే: "సరస్సు నిండా గులాబీ రంగు పక్షులుంటాయే, ఆ చోటు చూశావా?" వాళ్ళు చూసిన ఫోటోలు చాలావరకు నకురు సరస్సువి, అవీ ఏళ్ళ కిందటివి. మనవాళ్ళు కొనుక్కునే ప్యాకేజీల్లో కూడా మసాయి మారా, నైవాషా, నకురు అని వరసగా రాసి ఉంటాయి. బొగోరియా సరస్సు కావాలంటే మనమే నోరు తెరిచి అడగాలి. నేను రెండూ చూశాను. ఆ రాజహంసల (ఫ్లెమింగోల) కోసం, వేడినీటి బుగ్గల కోసం అయితే బొగోరియాకే వెళ్ళమంటాను. నకురుకే వెళ్ళాల్సిన వాళ్ళూ ఉన్నారు, వాళ్ళ సంగతీ చెబుతాను.

రెండూ తూర్పు ఆఫ్రికాలో నేల చీలి ఏర్పడిన రిఫ్ట్ లోయలోవే. ఎలిమెంటైటా సరస్సుతో కలిపి ఈ మూడింటికీ 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. నైరోబీ నుంచి నకురు సుమారు 160 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఉత్తరంగా ఇంకో రెండు గంటలు వెళ్తే బొగోరియా. దారిలో మొగోటియో దగ్గర భూమధ్యరేఖ దాటుతాం. నకురు సుమారు 1,750 మీటర్ల ఎత్తున ఉంది, పొద్దున్నే స్వెట్టర్ కావాలి. బొగోరియా వెయ్యి మీటర్ల లోపే. రోడ్డు దిగుతున్నకొద్దీ పచ్చదనం పోయి ముళ్ళ తుమ్మలు, ఎర్రమట్టి, మన రాయలసీమ ఎండ.

ఇక పక్షులు. మన పులికాట్‌కు వచ్చేవి ఎక్కువగా పెద్ద రాజహంసలు. ఇక్కడ లక్షల్లో గుమిగూడేవి చిన్న రాజహంసలు: పొట్టిగా, ముదురు ఎర్రటి ముక్కుతో ఉంటాయి. వీటి తిండి స్పైరులినా, మన మందుల షాపుల్లో మాత్రలుగా అమ్ముతారే, ఆ జాతి నాచే. ఆ గులాబీ రంగు కూడా తిండి నుంచి వచ్చిందే. ఈ నాచుకు చౌడు నీళ్ళు కావాలి. ఈ సరస్సుల్లోకి నీళ్ళు వస్తాయి గానీ బయటికి పోయే దారి లేదు. ఎండకు ఆవిరైపోగా చౌడంతా మిగిలిపోతుంది. వానలు ఎక్కువై నీళ్ళు పలచబడితే నాచు తగ్గుతుంది, పక్షులు లేచి ఇంకో సరస్సుకు పోతాయి.

నకురులో జరిగింది అదే. 2010 తర్వాత రిఫ్ట్ లోయ సరస్సులన్నీ పొంగుతూ వచ్చాయి. నకురు పాత గేటు నీళ్ళలోకి పోయింది. ఒడ్డున ఉన్న పసుపు బెరడు తుమ్మచెట్లు నిలువునా ఎండిపోయి నీళ్ళ మధ్య మోడులుగా నిలబడ్డాయి. రాజహంసలు చాలావరకు వేరే చోట్లు వెతుక్కున్నాయి. బొగోరియా కూడా పొంగింది, సరస్సు దగ్గరి ఊరు లొబోయి వైపు రోడ్డు, గేటు, కొన్ని బుగ్గలు మునిగాయి. అయితే అది లోతైన సరస్సు, తూర్పు ఒడ్డున నిటారుగా కొండ. నీరు పెరిగినా నకురులా చప్పబడిపోలేదు. అందుకే పక్షులు అక్కడ నిలదొక్కుకున్నాయి. రెండు చోట్లా ఖాయం అన్న మాట మాత్రం లేదు. ఏ పక్షీ మన టికెట్టు చూసి రాదు. బయలుదేరే వారం ముందు అక్కడి గైడ్‌కు ఫోన్ చేసి అడగండి.

బొగోరియా మొదటిసారి నేను మధ్యాహ్నం చేరాను. ఎండలో ఆవిరి కనబడదు, బుగ్గలు మామూలు కుంటల్లా ఉన్నాయి. నీరసం వచ్చింది. మర్నాడు తెల్లారకముందే వెళ్ళాను. చల్లగాలికి పడమటి ఒడ్డంతా పొగలు. ఊళ్ళో పెళ్ళివారి వంటల పొయ్యిలన్నీ ఒక్కసారి రాజేసినట్టు. దగ్గరికి పోతే నేల లోపలి నుంచి కుతకుత చప్పుడు, కాళ్ళకు వెచ్చదనం. ఒక బుగ్గ నీళ్ళు తెర్లుతూ పైకి ఎగసి పక్కన పడుతున్నాయి. నీరు జారిన దారంతా తెల్లటి చౌడు పేరుకుంది, దాని అంచుల్లో ఆకుపచ్చ, నారింజ రంగు చారలు. ఇక్కడ సుమారు 200 బుగ్గలున్నాయి, కొన్నింటిలో వేడి 98 డిగ్రీలు. ఆ ఎత్తులో నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి కాబట్టి అవి మరుగుతూనే బయటికి వస్తున్నాయన్నమాట. ఊళ్ళో కొన్న గుడ్లు గుడ్డసంచిలో కట్టి దించితే పది నిమిషాలకు పచ్చసొన గట్టిపడింది.

"పోలే పోలే" అంటూ గైడ్ నన్ను రెండుసార్లు వెనక్కి లాగాడు. మెల్లగా అని. బుగ్గల చుట్టూ పైకి గట్టిగా కనిపించే నేల పొక్కు మాత్రమే, కాలు దిగబడితే కింద మరిగే బురద. చిన్నపిల్లలుంటే చెయ్యి వదలకండి.

సూర్యుడు కొండ దాటేసరికి రాజహంసలు బుగ్గ నీళ్ళు సరస్సులో కలిసే మూలకు చేరాయి. చౌడు నీళ్ళలో మేసే పక్షులకు తాగడానికీ రెక్కలు కడుక్కోవడానికీ అలాంటి చోట్లు కావాలి. తల కిందులుగా పెట్టి, ముక్కుతో నీళ్ళు జల్లెడ పడుతూ, బాతుల మందలా గోల చేస్తూ. ఉన్నట్టుండి మంద మధ్య ఒక ఖాళీ గుండ్రం తెరుచుకుంది. పైన చేపల గద్ద. చేపలు లేని ఈ సరస్సులో అది రాజహంసలనే పట్టుకు తింటుంది. నేను నేలమీద నిలబడి చూశాను, బండిలోంచి కాదు. ఇక్కడ నడవనిస్తారు, సైకిల్ కూడా తొక్కొచ్చు. నకురులో సింహాలున్నాయి, కేటాయించిన చోట్ల తప్ప బండి దిగకూడదు. నాకు అన్నిటికన్నా పెద్ద తేడా ఇదే.

నకురును తీసిపారేయలేం. ఖడ్గమృగాన్ని చూడాలంటే కెన్యాలో అంత సులువైన చోట్లు ఎక్కువ లేవు. 1987లో అక్కడ ఖడ్గమృగాల రక్షణ కేంద్రం పెట్టారు, నల్లవీ తెల్లవీ రెండూ ఉన్నాయి. 188 చదరపు కిలోమీటర్ల పార్కు, చుట్టూ కంచె. జిరాఫీలు, అడవిదున్నలు, గూడబాతులు సరేసరి. పట్నం పక్కనే కాబట్టి హోటళ్ళు, ఆసుపత్రి, శాకాహార భోజనం అన్నీ దొరుకుతాయి. అమ్మానాన్నలతోనో చంటిపిల్లలతోనో వెళ్ళేవాళ్ళు నకురుకే వెళ్ళండి. బొగోరియాలో బస తక్కువ, మధ్యాహ్నం ఎండ ఎక్కువ, పెద్ద జంతువుల్లో చెప్పుకోదగ్గది మెలికల కొమ్ముల కుడూ అనే జింకలాంటి జంతువు, అదీ అదృష్టం ఉంటేనే.

ఇంకో మాట. బొగోరియా ఒడ్డు ఎండొరోయిస్ అనే పశుపోషకుల తాతముత్తాతల నేల. 1970లలో రిజర్వు పేరుతో వాళ్ళను అక్కడి నుంచి ఖాళీ చేయించారు. ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ తీర్పు 2010లో వాళ్ళ పక్షాన వచ్చింది. అందుకే నైరోబీ నుంచి గైడ్‌ను వెంటబెట్టుకుపోకుండా లొబోయిలోనే ఒకరిని మాట్లాడుకోండి. ఏ బుగ్గ మునిగింది, పక్షులు ఏ మూలకు పోయాయి అన్నది వాళ్ళకే తెలుసు, డబ్బూ ఆ ఊళ్ళోనే ఉంటుంది.

పార్కుల్లోకి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు తేనివ్వరు, స్టీలు సీసా పట్టుకెళ్ళండి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోండి. ఆ పత్రం లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు.

రెండు రాత్రులు చేతిలో ఉంటే ఒకటి నకురులో, రెండోది లొబోయిలోనో మరిగాట్‌లోనో పెట్టుకోండి. ఇంకో పూట మిగిలితే దగ్గర్లోనే బరింగో, మంచినీటి సరస్సు, పడవలో తిరుగుతూ పక్షుల్ని చూడొచ్చు. ఒక్క రాత్రే ఉంటే, పిల్లలు లేకపోతే, నకురు ఆగకుండా దాటి బొగోరియాకు దిగిపోండి. అక్కడ ఏడాది పొడుగునా ఆరున్నరకు కాస్త అటూ ఇటూగా తెల్లారుతుంది, ఆలోపే బుగ్గల దగ్గర ఉండండి.