మళ్లీ కాపురానికి వెళ్లాక పాత కాగితం చెల్లుతుందా?

నర్సంపేట, పరకాల వైపు నుంచి హనుమకొండ కోర్టుకు వచ్చే తల్లిదండ్రులు నన్ను అడిగేది ఒకటే. "విడిగా ఉంటామని పెద్దమనుషుల ముందు రాసుకున్నారు. నెలనెలా డబ్బులిస్తానని అల్లుడు సంతకం పెట్టాడు. ఇప్పుడు బిడ్డ మళ్లీ కాపురానికి వెళ్లింది. రేపు తేడా వస్తే ఆ కాగితం పనికొస్తుందా?"

పనికొస్తుందని పెట్టెలో దాచుకునేవారే ఎక్కువ. నాకు మాత్రం దాని మీద నమ్మకం లేదు. నోటరీ ముద్ర ఉన్నా అది కోర్టు ఉత్తర్వు కాదు. డబ్బు ఆగితే మళ్లీ మొదటి నుంచి కేసు వేయాలి. అది విడిగా ఉన్నందుకు ఇస్తానన్న డబ్బు కాబట్టి, కలిసిన రోజే ఆ మాట తీరిపోయిందని అవతలి వకీలు అంటారు. అంతకన్నా భయపెట్టేది ఆ కాగితాల్లో తప్పకుండా కనిపించే ఒక వాక్యం: "ఇద్దరం ఇష్టపూర్వకంగా విడిగా ఉంటున్నాం." పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్న భార్యకు భరణం రాదని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ చెబుతోంది (పాత చట్టంలో 125). అండగా ఉంటుందని రాయించుకున్న కాగితమే బిడ్డకు అడ్డం పడుతుంది.

అలాగని చింపకండి. బంగారం, సామాను లెక్క అందులోనే ఉంటుంది.

కోర్టు ఇచ్చిన భరణం ఉత్తర్వు సంగతి వేరు. భార్య తిరిగి కాపురానికి వెళ్లి, అది నిలబడక బయటికి వచ్చిన కేసులో, పాత ఉత్తర్వు కొంతకాలం ఆగిందే తప్ప తుడిచిపెట్టుకుపోలేదని 1998లో సుప్రీంకోర్టు అంది. నేను ఉత్తర్వు వైపే మొగ్గడానికి కారణం ఇదే.

కేసు ఇంకా నడుస్తుంటే, రాజీ కుదిరిన రోజు పెద్దమనుషులు పెట్టే మొదటి షరతు "కేసు వాపసు తీసుకో" అనే. దానికి ఒప్పుకోవద్దు. వాపసు తీసుకుంటే చేతిలో ఏమీ మిగలదు. ఆ రాజీనే లోక్ అదాలత్‌లో నమోదు చేయించండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆ అవార్డు (లోక్ అదాలత్ ఇచ్చే తీర్పు కాగితం) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. మహిళలకు వకీలు ఖర్చు కూడా లేదు. నగలు ఎవరి దగ్గర ఉన్నాయి, పాత బకాయి ఎంత, ఎప్పటిలోగా ఇస్తాడు, అన్నీ అంకెలతో రాయించండి. "ఇష్టపూర్వకంగా" అనే మాట రానివ్వకండి. ఆమె ఎందుకు ఇల్లు వదలాల్సి వచ్చిందో రాయించండి.

భూమి ఆమె పేరున రిజిస్టరు అయి ఉంటే, కలిసినంత మాత్రాన వెనక్కి పోదు. స్టాంపు కాగితం మీద రాసిన భూమి మాత్రం ఆమెది అయినట్టు కాదు. జ్యుడీషియల్ సెపరేషన్ డిక్రీ (విడాకులు కాకుండా, విడిగా ఉండొచ్చని కోర్టు ఇచ్చే తీర్పు) ఉన్నవారు దాన్ని రద్దు చేయమని కోర్టును అడగవచ్చు.

ఉత్తర్వు చేతిలో ఉన్నవారికి గడువు ముఖ్యం. బాకీపడిన భరణం వారెంటుతో రాబట్టాలంటే, అది ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపే దరఖాస్తు చేయాలి. బిడ్డ కాపురానికి వెళ్లి పది నెలలు దాటితే ఈ వారమే ఆ లెక్క వేయించండి.