సందేహపు ఇంజిన్‌తో కొన్న సెస్నా 172ఎన్: పదకొండేళ్ల వాడకం తరువాత

2014 అక్టోబరులో నేనూ మా తోడల్లుడుగారూ చెరిసగం డబ్బు వేసుకుని, కాన్సస్ రాష్ట్రంలో విచిటా దగ్గరి ఒక చిన్న విమానాశ్రయంలో దుమ్ము పట్టి ఉన్న 1979 నాటి సెస్నా 172ఎన్ విమానాన్ని కొన్నాము. విమానం ఒళ్లు శుభ్రంగా ఉంది, తుప్పు లేదు, రంగు కూడా ఫరవాలేదు. ఇంజిన్ మాత్రం అనుమానమే, అమ్మేవారు కూడా ఆ సంగతి దాచలేదు. అప్పటి నుంచి టెక్సస్‌లోని డెంటన్‌లో ఉంచుకుని దాదాపు 1,100 గంటలు ఎగిరాము. పాత చిన్న విమానం కొనాలనుకుని, తీరా ఇంజిన్ దగ్గరకు వచ్చేసరికి తటపటాయించే తెలుగు మిత్రులు ఇక్కడ కొందరు ఉన్నారు. మేము ఏమి చూసి కొన్నామో, ఏ లెక్క సరిగ్గా వచ్చిందో, ఏది తప్పిందో వారికోసం రాస్తున్నాను.

ముందు ఈ ఇంజిన్‌కు చెడ్డపేరు ఎందుకు వచ్చిందో చెప్పాలి. 1977 మోడల్ నుంచి 1980 మోడల్ వరకు సెస్నా ఈ విమానంలో లైకమింగ్ ఓ-320-హెచ్2ఏడి అనే 160 హార్స్‌పవర్ ఇంజిన్‌ను అమర్చింది. ఇంజిన్ వాల్వులను తెరిచే కాంషాఫ్టూ, దాని కదలికను వాల్వులకు అందించే ట్యాపెట్లూ రాసుకునే చోట లోహం పెచ్చులూడుతోందని తొలి ఏళ్లలోనే బయటపడింది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 80-04-03 సంఖ్యగల ఆదేశంతో, ఆయిల్‌లో అరుగుదలను తగ్గించే ఎల్‌డబ్ల్యూ-16702 అనే ద్రవ్యం కలపడాన్ని తప్పనిసరి చేసింది. తరువాత తయారైన ఇంజిన్లలో ట్యాపెట్లను పెద్దవి చేశారు. ఆ మార్పు జరిగిన ఇంజిన్‌కు సీరియల్ నంబరు చివర ‘టి’ అక్షరం ఉంటుంది. 1981లో వచ్చిన 172పిలో సెస్నా ఈ ఇంజిన్‌నే మానేసి ఓ-320-డి2జెకు మారింది. దీనికి ఇంకొక లోపమూ ఉంది. సిలిండర్లలో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో ఒకటి పోయినా రెండవది ఇంజిన్‌ను నడిపించాలనే ఉద్దేశంతో విమాన ఇంజిన్లకు రెండు పెడతారు. ఇందులో ఆ రెండింటినీ ఒకే పెట్టెలో ఇమిడ్చి, ఒకే షాఫ్ట్‌తో తిప్పారు. ఆ షాఫ్ట్ ఆగిందంటే రెండూ ఆగినట్టే.

మేము చూసిన ఇంజిన్‌కు ‘టి’ అక్షరం ఉంది, అది కొంత ఊరట. కానీ దానికి మేజర్ ఓవర్‌హాల్ (మొత్తం విప్పి, అరిగిన భాగాలు మార్చి బాగుచేయడం) జరిగింది 1994లో, అప్పటి నుంచి తిరిగినది 1,640 గంటలు. మళ్లీ ఓవర్‌హాల్‌కు లైకమింగ్ సూచించే గడువు 2,000 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అది. సొంతానికి ఎగిరేవారికి ఆ గడువు చట్టరీత్యా నిర్బంధం కాదు కాబట్టి, ‘ఇంకా 360 గంటలు ఉన్నాయి’ అని ప్రకటనలో రాసుకోవచ్చు, అమ్మకందారు రాసుకున్నారు కూడా. నన్ను భయపెట్టినది గంటలూ కాదు, ఇరవై ఏళ్లూ కాదు. లాగ్‌బుక్ తిరగేస్తే, చివరి మూడేళ్లలో ఆ విమానం ఎగిరింది మొత్తం తొమ్మిది గంటలు!

లైకమింగ్ ఇంజిన్‌లో కాంషాఫ్ట్, ప్రొపెల్లర్‌ను తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది. ఇంజిన్ ఆగినప్పుడు దానికి అంటిన ఆయిల్ కొద్దిరోజుల్లో కిందికి జారిపోతుంది, ఆ తరువాత లోపలి తేమకు అది ఎదురుగానే ఉంటుంది. తుప్పుపట్టి గరుకైన కాంషాఫ్ట్ మీద ట్యాపెట్ తిరగడం మొదలుపెట్టాక, అరుగుదల ఇక ఆగదు. అప్పుడప్పుడు స్టార్టు చేసి పది నిమిషాలు నేలమీద నడిపేవాడినని అమ్మకందారు చెప్పారు. మా ఊళ్లో తాతగారు చేను దగ్గరి ఆయిలింజను మూలపడకుండా కాలువ నీళ్లు వచ్చే నెలల్లో కూడా వారానికొకసారి తిప్పేవారు కనుక, ఆ మాట నాకు మొదట నచ్చింది. మా మెకానిక్‌కు నచ్చలేదు. ఆయిల్ సుమారు 180 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరి కొంతసేపు అక్కడే నిలిస్తే గాని అందులోని నీరు ఆవిరైపోదనీ, అంతకు లోపు ఆపేస్తే మండిన పెట్రోలు నుంచి పుట్టిన తేమను కూడా లోపలే వదిలినట్టవుతుందనీ ఆయన చెప్పారు. తిప్పనైనా తిప్పకుండా వదిలేసి ఉంటే ఇంతకంటే మేలన్నమాట.

తనిఖీకి అమ్మకందారు మెకానిక్‌ను ఒప్పుకోకుండా, మా ఖర్చుతో డెంటన్ నుంచి మా మెకానిక్‌నే తీసుకువెళ్లాము. మేము చేసిన పనుల్లో అన్నిటికంటే తెలివైనది ఇదే. అందరూ ముందు అడిగేది కంప్రెషన్, అంటే సిలిండర్ గాలిని ఎంత పట్టి ఉంచుతుందన్నది. 80 పౌండ్ల ఒత్తిడితో గాలి పంపితే నాలుగు సిలిండర్లు వరుసగా 76, 74, 75, 61 చూపించాయి. 60కి దిగితే ఆలోచించవలసినదే కాబట్టి, నాలుగవదానిలో బోర్‌స్కోప్ (సన్నటి కెమెరా) దింపి ఎగ్జాస్ట్ వాల్వును చూశారు. వాల్వు చుట్టూ రంగు సమంగా ఉంది, అంచు కాలిన గుర్తు లేదు. అయితే కంప్రెషన్ చెప్పేది సిలిండర్ల సంగతే, కాంషాఫ్ట్ గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. నాలుగూ 78 చూపించిన ఇంజిన్‌లోనూ కాంషాఫ్ట్ సగం అరిగిపోయి ఉండవచ్చు. ఈ తేడా తెలియకనే చాలామంది మోసపోతారు.

చెడ్డపేరున్న ఈ ఇంజిన్‌కు ఒక సుగుణం ఉందని ఆ రోజు నేర్చుకున్నాను. మామూలు లైకమింగ్‌లలో ట్యాపెట్లు తీయాలంటే ఇంజిన్ బయటి పెట్టె అయిన క్రాంక్‌కేస్‌ను రెండుగా విప్పాలి, ఏ అమ్మకందారూ అందుకు ఒప్పుకోడు. హెచ్2ఏడిలో వాటిని బయటి నుంచే లాగి చూడవచ్చు. ఎనిమిదిలో ఆరు అద్దంలా ఉన్నాయి, రెండింటి ముఖం మీద గోధుమరంగు మచ్చలు కనిపించాయి కానీ పెచ్చు లేవలేదు, గోరుతో గీస్తే తగలలేదు. ఇక లాగ్‌బుక్‌లో నాలుగేళ్లపాటు ‘ఆయిల్ మార్చబడినది’ అని మాత్రమే ఉంది. ఎఫ్ఏఏ తప్పనిసరి చేసిన ఆ ద్రవ్యం కలిపారా, లేక అది ముందే కలిసి ఉండే ఏరోషెల్ 15డబ్ల్యూ-50 వంటి ఆయిల్ పోశారా అన్నది రాయలేదు. మెకానిక్ చివరికి ఇలా అన్నారు: “ఇది రేపు ఆగిపోయే ఇంజిన్ కాదు. కానీ మీ లెక్కలో దీన్ని ఈరోజే చచ్చినట్టు రాసుకోండి.”

అలాగే రాసుకున్నాము. అదే 1979లో తయారై, కొత్తగా ఓవర్‌హాల్ అయిన విమానాలు అప్పట్లో మాకు 58,000 డాలర్ల దగ్గర కనిపించాయి. ఓవర్‌హాల్‌కూ, ఇంజిన్ దించి ఎక్కించడానికీ 27,000 అవుతుందని అంచనా వేసి, ఆ మొత్తాన్ని తీసివేసి, మిగిలిన గంటలకు కొంత కలిపి 33,000 ఇస్తామన్నాము. అమ్మకందారు అడిగినది 42,000. మూడు వారాలు బేరం నడిచింది. “ఇంజిన్ తిరుగుతుండగా చచ్చిందంటారేమిటి?” అని ఆయన నొచ్చుకున్నారు. “తమ్ముడూ, వదిలేద్దాం” అని మా తోడల్లుడుగారు రెండుసార్లు అన్నారు. చివరికి 33,500కు కుదిరింది. ఓక్లహోమా సిటీలోని ఎఫ్ఏఏ రిజిస్ట్రీలో అప్పులూ తాకట్టులూ లేవని వెతికించడం, సీట్లు జారే పట్టాల గురించిన ఎఫ్ఏఏ ఆదేశం పాటించారో లేదో చూడడం మామూలు పనులు, వాటి గురించి ఎక్కువ చెప్పను.

కొన్న రోజునే విడిగా ఒక ఖాతా తెరిచి ఇంజిన్ కోసం 15,000 వేశాము, ఎగిరిన ప్రతి గంటకూ మరో 20 డాలర్లు జమ చేస్తూ వచ్చాము. ఆ ఖాతా లేకపోతే ఈ సమీక్ష వేరుగా ఉండేది. నాలుగు నెలలు దాటకుండా ఆయిల్ మార్చడం, ఫిల్టర్‌ను కోసి మడతలు కడిగి అయస్కాంతంతో వెతకడం, ఆయిల్ నమూనాను పరీక్షకు పంపడం, చలి రోజుల్లో ఇంజిన్‌ను ముందుగా వేడి చేయకుండా స్టార్టు చేయకపోవడం మాకు నియమాలయ్యాయి. చల్లటి స్టార్టులే ఈ ట్యాపెట్లకు గండం. ఇలా 410 గంటలు ఏ ఇబ్బందీ లేకుండా ఎగిరాము. 2018 వేసవిలో పరీక్షలో ఇనుము శాతం వరుసగా మూడుసార్లు పెరిగింది, మూడవసారి ఫిల్టర్‌లో అయస్కాంతానికి సన్నటి ఇనుప రజను అంటుకుంది. ట్యాపెట్లు తీసి చూస్తే, నాలుగేళ్ల కిందట మచ్చలున్న ఆ రెండే పెచ్చులూడి ఉన్నాయి. ఇందుకు తయారీదారును తప్పుపట్టను. మేము కొనకముందు మూలపడిన మూడేళ్లే దీనికి కారణమని నా నమ్మకం.

మా లెక్క తప్పింది ఇక్కడ. ఓవర్‌హాల్‌కు 23,800 అయింది, అది ఊహించినదే. ఇంజిన్ దించిన తరువాత గొట్టాలు, మౌంట్ రబ్బర్లు, మఫ్లర్, కార్బురేటర్, మాగ్నెటో అన్నీ కలిసి బిల్లును 33,000 దాటించాయి. ఎనిమిది వారాలన్న షాపు వారు పంతొమ్మిది వారాలు తీసుకున్నారు. మా తోడల్లుడుగారు అంతటితో విసిగిపోయి, సగం అమ్మేస్తానన్నారు, ఎలాగో ఆగారు. ప్రకటనల్లోని మాటల విలువ కూడా అప్పుడే అర్థమైంది. ‘రీబిల్ట్’ అని రాసి లాగ్‌బుక్‌ను సున్నా గంటల నుంచి మొదలుపెట్టే హక్కు తయారీదారుకూ, తయారీదారు అనుమతించిన సంస్థకూ మాత్రమే ఉంది. మిగిలినవన్నీ ఓవర్‌హాల్‌లే, పాత గంటలు వాటి వెంటే వస్తాయి. సిలిండర్లు మాత్రమే మార్చిన ‘టాప్ ఓవర్‌హాల్’ అయితే కాంషాఫ్ట్‌ను తాకనే తాకదు.

ఓవర్‌హాల్ తరువాత దాదాపు 690 గంటలు అయ్యాయి. విమానం సంగతికి వస్తే, గంటకు 30 లీటర్ల పెట్రోలు తాగి 110 నాట్ల (గంటకు సుమారు 200 కిలోమీటర్ల) దగ్గర నిదానంగా, నమ్మకంగా పోతుంది. ట్యాంకులు నింపితే ముగ్గురు పెద్దలకే చోటు. అమ్మా నాన్నా హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు వారి సంచులు కారులోనే వెనక రావలసి వచ్చేది. రెక్కల వెనక అంచులను (ఫ్లాప్‌లను) 40 డిగ్రీలు వంచి పొట్టి రన్‌వేల మీద దిగడం మాత్రం ఎన్నిసార్లయినా విసుగు పుట్టించదు.

మొత్తం లెక్క వేస్తే, 2014లోనే 58,000 పెట్టి ఓవర్‌హాల్ అయినదాన్ని కొనుక్కున్నా ఇంతకంటే తక్కువే అయ్యేది, పంతొమ్మిది వారాలు నేలమీద ఉండవలసిన అవసరమూ వచ్చేది కాదు. మా ఇంజిన్‌ను ఎవరు, ఎలా ఓవర్‌హాల్ చేశారో మాకు తెలియడం ఒక్కటే లాభం. చేతిలో 35,000 మాత్రమే ఉండి 33,500 విమానాన్ని కొనబోయేవారిని నేను గట్టిగా ఆపుతాను. ట్యాపెట్లు తీసి చూడనివ్వని అమ్మకందారుకైతే, హెచ్2ఏడి విషయంలో, నమస్కారం పెట్టి వచ్చేస్తాను.

మా తోడల్లుడుగారు ఇప్పుడు ఉద్యోగరీత్యా సియాటిల్ వెళుతూ తన సగం అమ్మకానికి పెట్టారు. కొనడానికి వచ్చిన యువకుడు కంప్రెషన్ సంగతి చివర అడిగి, విమానం ఎక్కువకాలం కదలకుండా ఎప్పుడు ఉందని ముందు అడిగాడు. 2020లో కరోనా నాటి పదకొండు వారాల ఖాళీని లాగ్‌బుక్‌లో చూపించి, ఆయిల్ పరీక్షల కాగితాలన్నీ అతని చేతికిచ్చాను. శనివారం తన మెకానిక్‌ను తెచ్చి ట్యాపెట్లు తీయించి చూస్తానన్నాడు.