పేస్‌మేకర్ గ్రాఫిక్ 4×5: షీట్ ఫిలిం మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే పాత కెమెరా

ఒక్కో ఫొటోకు ఒక్కో 4×5 అంగుళాల ఫిలిం ముక్క పెట్టి తీసే లార్జ్ ఫార్మాట్ పని నేర్చుకోవాలంటే మొదట ఏ కెమెరా కొనాలి? పేస్‌మేకర్ గ్రాఫిక్ కొనమనే చెప్తాను. అమెరికాలోని రాచెస్టర్‌లో గ్రాఫ్లెక్స్ కంపెనీ దీన్ని 1947లో తెచ్చింది, 1970ల మొదటి ఏళ్ల దాకా తయారుచేసింది. పత్రికల ఫొటోగ్రాఫర్ల కోసం కట్టిన పెట్టె ఇది. మహాగని చెక్క, పైన తోలు, ముందు మూత దించితే పట్టాలు, పట్టాల మీద ముందుకు జరిగే లెన్సు. 1945లో ఇవో జిమా దీవిలో సైనికులు జెండా ఎత్తుతున్న ఫొటోను జో రోసెంతాల్ దీని ముందు తరం స్పీడ్ గ్రాఫిక్‌తోనే తీశారు. మన దేశంలో తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్ హోమై వ్యారావాలా కూడా స్పీడ్ గ్రాఫిక్ వాడారు. రోజూ వీధుల్లో దెబ్బలు తినే పనికి చేసింది కాబట్టి డెబ్బై ఏళ్లు దాటినా పనిచేసేవి చాలానే దొరుకుతున్నాయి.

మన ఊళ్లలో మూతపడ్డ స్టూడియోల నుంచి బయటికొచ్చే చెక్క, ఇత్తడి కెమెరాలు చూసి మనసు పడేవాళ్లు ఎక్కువ. కేరళలోని అలెప్పీలో తయారైన వాగీశ్వరి లాంటివి నిజంగా గొప్ప పనితనం. కానీ మొదటి కెమెరాగా వద్దు. వాటిలో చాలావరకు హాఫ్ ప్లేట్, అంటే 4¾×6½ అంగుళాల సైజు. ఆ సైజు ఫిలిం ఇప్పుడు మామూలుగా దొరకదు. ప్లేటు హోల్డర్లు పోయి ఉంటాయి, లెన్సుకు షట్టర్ ఉండదు. 4×5కి మాత్రం ఇల్‌ఫర్డ్, కొడాక్, ఫోమా ఇప్పటికీ ఫిలిం చేస్తున్నాయి.

పేస్‌మేకర్‌లో రెండు రకాలు: స్పీడ్, క్రౌన్. స్పీడ్‌లో లెన్సు షట్టర్‌తో పాటు ఫిలిం ముందు గుడ్డ కర్టెన్‌తో ఇంకో షట్టర్ ఉంటుంది, సెకనులో 1/1000 వంతు దాకా వెళ్తుంది. క్రౌన్‌లో అది లేదు. అందుకే క్రౌన్ తేలిక, పెట్టె పలచన, 65 మిల్లీమీటర్ల వైడ్ లెన్సు కూడా పడుతుంది. స్పీడ్‌లో 90కి తగ్గితే కష్టం. కొత్తవాళ్లకు నా ఓటు క్రౌన్‌కే. కారణం బరువు ఒక్కటే కాదు. స్పీడ్‌లో లెన్సు షట్టర్‌తో తీయాలంటే వెనక కర్టెన్‌ను ‘టి’ దగ్గర తెరిచి పెట్టాలి. మరిచిపోతే లెన్సు షట్టర్ చక్కగా చప్పుడు చేస్తుంది, ఫిలిం మాత్రం ఖాళీగా వస్తుంది. కర్టెన్‌తో తీసేటప్పుడు దీనికి రివర్స్: ముందు షట్టర్ తెరిచి ఉండాలి. షట్టర్ లేని పాత ఇత్తడి లెన్సులు, విమానాల నుంచి ఫొటోలు తీసేందుకు చేసిన పెద్ద ఏరియల్ లెన్సులు పెట్టాలన్న కోరిక బలంగా ఉంటేనే స్పీడ్ తీసుకోండి. అప్పుడు దాని కర్టెన్‌కు సాటి లేదు.

కొనే ముందు అన్నిటికంటే ముందు కెమెరా వెనక భాగం ఫొటో అడగండి. మూడు రకాల బ్యాక్‌లు తిరుగుతున్నాయి. 1949 నుంచి వచ్చిన గ్రాఫ్లాక్ బ్యాక్ అయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు: గ్రౌండ్ గ్లాస్ (ఫోకస్ చూసుకునే గరుకు గాజు) ఫ్రేము ఊడదీసి, రెండు జారే లాకులతో 120 రోల్ ఫిలిం బ్యాక్ కూడా బిగించుకోవచ్చు. పాత స్ప్రింగ్ బ్యాక్‌లో మామూలు షీట్ హోల్డర్లు, అంటే రెండు వైపులా ఒక్కో షీట్ పెట్టుకునే పలచని చట్రాలు, పడతాయి, లాకులతో బిగించే రోల్ బ్యాక్‌లు పడవు. మూడోది గ్రాఫ్లెక్స్ బ్యాక్, ఇది పాత స్పీడ్ గ్రాఫిక్‌లలో కనిపిస్తుంది. దానికి దాని సొంత హోల్డర్లే కావాలి, బజార్లో దొరికే మామూలు 4×5 హోల్డర్లు అందులో కూర్చోవు. పేర్లు దగ్గరగా ఉండడం వల్ల ఇక్కడే మోసపోతారు.

గ్రౌండ్ గ్లాస్ ముందు, లెన్సు వైపున, గుండ్రటి సన్న గీతలున్న ఫ్రెనెల్ పలక కొన్నిటిలో ఉంటుంది. మసకబారిందని దాన్ని తీసి పారేయకండి. దాని మందాన్ని లెక్కలోకి తీసుకునే గ్లాసును అమర్చారు. తీసేస్తే గాజు మీద ఫోకస్ ఒకచోట, ఫిలిం మీద ఇంకోచోట పడుతుంది. లేనిదానికి లెన్సు వైపు కొత్తగా తగిలించినా ఇదే గొడవ.

లెన్సుకూ కెమెరా పెట్టెకూ మధ్య సాగే మడతల గొట్టమే బెలోస్. దాని పరీక్ష రాత్రిపూట చేయాలి. గది చీకటి చేసి, బెలోస్ పూర్తిగా సాగదీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ లోపల పెట్టి, మడతల మూలల వెంట మెల్లగా చూస్తూ పోండి. చిల్లులు పడేది అక్కడే. ఒకటి రెండు సూదిబెజ్జాలైతే నల్ల ఫాబ్రిక్ పెయింట్ పలచగా రాసి, బాగా ఆరాకే మడవండి. తడి ఉండగా మడిస్తే మడతలు అతుక్కుని, మళ్లీ తెరిచేటప్పుడు చిరుగుతాయి. మూలలన్నీ చుక్కలతో మెరుస్తుంటే బెలోస్ మార్చాల్సిందే. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని బేరం చేయండి.

లెన్సులు సాధారణంగా మూడింటిలో ఒకటి వస్తుంది: కొడాక్ ఎక్టార్ 127, గ్రాఫ్లెక్స్ ఆప్టార్ 135, ష్నైడర్ జెనార్ 135 (అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్). మూడింటిలోనూ పూర్తిగా తెరిచిన అపర్చర్ ఎఫ్/4.7. ఎఫ్/16, ఎఫ్/22 దగ్గర మూడూ బాగుంటాయి కాబట్టి పేరు చూసి ఎక్కువ పెట్టొద్దు, గాజు చూసి పెట్టండి. టార్చ్ వెలుగు లెన్సు గుండా పంపితే సాలెగూడులా ఫంగస్ కనిపిస్తుంది. చిన్న గీతలు, దుమ్ము ఫొటోను పెద్దగా పాడుచేయవు, ఫంగస్, పొగలాంటి మసక మాత్రం కాంట్రాస్ట్‌ను తినేస్తాయి. విశాఖ, బందరు లాంటి తీరప్రాంతాల్లో ఉండేవాళ్లు కొన్న రోజు నుంచే గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టుకోవాలి. లెన్సుతో పాటు బెలోస్, తోలు కూడా బూజు పట్టేవే.

షట్టర్‌లో పాత గ్రీజు గట్టిపడి నెమ్మది వేగాలు ఈడుస్తాయి. 1 సెకను, 1/2, 1/4 పెట్టి ఫోన్‌లో శబ్దం రికార్డు చేసి, తెరుచుకున్న చప్పుడుకూ మూసుకున్న చప్పుడుకూ మధ్య కాలం కొలవండి. ఒక సెకను రెండు సెకన్లు నడిస్తే ఫిలిం మీద ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుగు పడినట్టు. ఎప్పుడూ అంతే నడుస్తుంటే లెక్కలో సరిచేసుకోవచ్చు. ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా నడిస్తేనే మెకానిక్ దగ్గరికి పంపాలి. లోపల నూనె మాత్రం చుక్క కూడా వేయొద్దు, అది పలకల మీదికి పాకి షట్టర్‌ను పూర్తిగా పట్టేస్తుంది.

పక్కన ఉండే కలార్ట్ రేంజ్‌ఫైండర్ (దూరం చూసి ఫోకస్ కుదిర్చే పరికరం) మీద మొదట్లో ఆధారపడకండి. దాన్ని ఒక లెన్సుకే కుదిర్చి ఉంటారు. చేతులు మారిన కెమెరాలో అది ఆ లెన్సే అన్న భరోసా లేదు.

ఇక తీసే వరస. ట్రైపాడ్ మీద బిగించి, షట్టర్ తెరిచి, అపర్చర్ ఎఫ్/4.7కి పెట్టి, నల్లగుడ్డ కప్పుకుని, లూప్‌తో (చిన్న భూతద్దం) గాజు మీద ఫోకస్ చూడాలి. బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది, కొద్ది రోజుల్లో అలవాటవుతుంది. పట్టాల లాకు బిగించాలి. షట్టర్ మూయాలి, ఎఫ్/22కి దించాలి, వేగం పెట్టి షట్టర్ స్ప్రింగ్‌ను బిగించాలి (కాక్ చేయడం). అప్పుడే హోల్డర్ దూర్చాలి. హోల్డర్ గట్టు బ్యాక్‌లోని గాడిలో పడిందని వేలికి తెలియాలి, లేకపోతే అంచున వెలుగు చార పడుతుంది. దూర్చేటప్పుడు రెండో చేత్తో కెమెరాను పట్టుకోండి, ఫోకస్ కదిలేది ఎక్కువగా ఈ తోపుడుకే. హోల్డర్‌లో ఫిలింను కప్పి ఉంచే పలక, అంటే డార్క్ స్లైడ్, లాగేముందు లెన్సు ముందుకెళ్లి షట్టర్ మూసి ఉందో లేదో కంటితో చూడండి. తీశాక స్లైడ్‌ను నల్లవైపు బయటికి వచ్చేలా పెట్టాలి. తెల్లవైపు కనిపిస్తే ఇంకా తీయని ఫిలిం, నల్లవైపు కనిపిస్తే తీసింది. ఈ ఒక్క నియమం తప్పితే ఒకే షీట్ మీద రెండు బొమ్మలు పడతాయి.

దగ్గరి వస్తువులకు బెలోస్ సాగిన కొద్దీ వెలుగు తగ్గుతుంది. లెన్సు నుంచి ఫిలిం దూరాన్ని లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించాలి. 135 లెన్సు 190 మిల్లీమీటర్ల దాకా సాగితే దాదాపు 2 వస్తుంది, అంటే ఒక స్టాప్ ఎక్కువ ఇవ్వాలి. మనిషి ముఖం తీసేటప్పుడు 150 దాకా సాగుతుంది, మూడోవంతు స్టాప్ చాలు.

ఫిలిం లోడింగ్ ముందు పగటి వెలుగులో, పాడైన షీట్ ఒకటి పెట్టుకుని సాధన చేయండి. షీట్‌ను నిలువుగా పట్టుకున్నప్పుడు పై అంచున, కుడి మూల దగ్గర గంట్లు చూపుడువేలికి తగిలితే ఎమల్షన్ (వెలుగు పట్టే పూత) మీ వైపు ఉన్నట్టు. హోల్డర్ కింది రెక్క తెరిచి, ఎమల్షన్ పైకి ఉంచి, షీట్‌ను రెండు పక్కల సన్న గాడుల కిందికి మెల్లగా జార్చాలి. ఒక పక్క గాడి కింద, ఇంకో పక్క గాడి మీద పోవడం అందరికీ జరిగేదే. లోడ్ చేశాక అంచు దగ్గర గోరుతో ఫిలింను పైకి లేపి చూడండి, లేస్తే తప్పుగా పోయినట్టే. స్లైడ్ మధ్యలో ఇరుక్కుంటే బలవంతంగా తోయకండి. మన ఇళ్లలో దుమ్ము పెద్ద శత్రువు. ఫ్యాను ఆపి, హోల్డర్లు బ్రష్‌తో తుడిచి, రాత్రిపూట బాత్‌రూమ్‌లో గోడలు కాస్త తడిపాక లోడ్ చేస్తే నెగెటివ్ మీద తెల్ల చుక్కలు బాగా తగ్గుతాయి.

మొదటి ఫిలింగా ఇల్‌ఫర్డ్ ఎఫ్‌పి4 ప్లస్ మంచిది, పెట్టెకు 25 షీట్లు. చేయి తిరిగేదాకా ఎక్స్‌రే ఫిలిం వాడుకోవచ్చు. 8×10 షీటును కోస్తే నాలుగు వస్తాయి. అసలు షీట్ 4×5కి ఒకటిన్నర మిల్లీమీటరు తక్కువే ఉంటుంది, సరిగ్గా 4×5కి కోస్తే హోల్డర్‌లో దూరదు. గ్రీన్ సెన్సిటివ్ రకానికి ఎర్ర వెలుగు అంటదు కాబట్టి మసక ఎర్ర లైటు కింద కళ్లతో చూస్తూ డెవలప్ చేయవచ్చు, నేర్చుకునేవాళ్లకు ఇదొక వరం. ఫిలిం వేగం (ఐఎస్‌ఓ) 50 నుంచి 100 మధ్య పెట్టి పరీక్షించండి. చాలా రకాలకు రెండు వైపులా ఎమల్షన్ ఉంటుంది, ట్రే అడుగు తగిలితే చాలు గీత పడుతుంది. ట్రేలో గాజు పలక వేసి ఒక్కొక్కటే చేయాలి.

మామూలు ఫిలింకు డెవలప్‌మెంట్ లెక్కలన్నీ 20 డిగ్రీల మీద ఉంటాయి. ఎఫ్‌పి4 ప్లస్‌కు ఐడి-11 డెవలపర్ ఒకటికి ఒకటి నీళ్లు కలిపి 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. 24 దగ్గర దాదాపు 8 నిమిషాలకు వస్తుంది. మే నెలలో మన కొళాయి నీళ్లతో ఆ లెక్కే పనికిరాదు. టబ్బులో ఐసు వేసి అందులో సీసాలు పెట్టి, డెవలపర్, ఫిక్సర్, కడిగే నీళ్లు మూడూ దగ్గర దగ్గర వేడిలో ఉంచండి.

ఈ కెమెరాకు పరిమితులున్నాయి. లెన్సును పైకి, పక్కకు కొంత జరపవచ్చు, వెనక్కి వంచవచ్చు, ముందు పలకను 15 డిగ్రీలు దించి లెన్సును ముందుకు వంచవచ్చు. వెనక భాగం మాత్రం కదలదు. పైగా దానితో వచ్చే 127, 135 లెన్సులు 4×5ను దాటి ఎక్కువ చోటు కప్పవు, కొంచెం ఎక్కువ జరిపితే మూలలు నల్లబడతాయి. చార్మినార్ మీనార్లను దగ్గర నుంచి నిటారుగా తీయాలన్నది మీ అసలు పని అయితే ఇది మీ కెమెరా కాదు, ముందు వెనక భాగాలు రెండూ ఒకే కడ్డీ మీద కదిలే మోనోరైల్ కెమెరా చూసుకోండి. మనుషులు, పల్లె దారులు, కొండలు, పాత ఇళ్లు తీసేవాళ్లకు మాత్రం ఈ లోటు తెలియదు.

కెమెరాకే డబ్బంతా పెట్టేయకండి. గట్టి ట్రైపాడ్, మంచి స్థితిలో ఉన్న మూడు హోల్డర్లు, కేబుల్ రిలీజ్, లూప్ కూడా ఇదే లెక్కలో చూసుకోవాలి. హోల్డర్ల రెండేసి వైపులకూ ఒకటి నుంచి ఆరు దాకా పెన్సిల్‌తో నంబర్లు వేయండి. ఏ షీట్ మీదైనా అదే చోట వెలుగు చార పదేపదే కనిపిస్తే ఏ హోల్డర్ వైపు పక్కన పెట్టాలో ఆ నంబరే చెప్తుంది.