రాజీవ్ చౌక్‌లో రైలు మారడం: పన్నెండేళ్ల అనుభవం

మా నాన్నగారికి ఢిల్లీ మెట్రో చూపిద్దామని రాజీవ్ చౌక్‌కు తీసుకెళ్లాను, అదీ సాయంత్రం ఆరున్నరకు. బుద్ధి తక్కువ పని. ఆయనది నరసరావుపేట, జనానికి బెదిరే మనిషి కాదు. గోడకు ఆనుకుని కాసేపు చూసి, "అయితే రోజూ కోటప్పకొండ తిరునాళ్లలో పడి ఉద్యోగానికి పోతున్నావన్నమాట" అన్నారు.

2012 నుంచి మయూర్ విహార్‌లో ఇల్లు, గుడ్‌గావ్ సికందర్‌పూర్‌లో కొలువు. బ్లూ లైన్‌లో వచ్చి ఇక్కడ ఎల్లో లైన్‌కు మారాలి. కన్నాట్ ప్లేస్ సెంట్రల్ పార్కు అడుగున పై అంతస్తులో బ్లూ, దాని కింద ఎల్లో. రెండూ ఇక్కడ 2005లోనే మొదలయ్యాయి. మారేటప్పుడు మళ్లీ తనిఖీ లేదు, టికెట్ గేటు దాటే పని లేదు, నేల మీద వేసిన రంగు పాదముద్రల వెంట నడిస్తే చాలు. ఉదయం తొమ్మిదికి మాత్రం ఆ ముద్రలు కనిపించవు, వాటి నిండా మనుషుల పాదాలే.

ఆ వేళ తలుపు దగ్గర నిలబడితే దిగే శ్రమ ఉండదు, జనమే దింపేస్తారు. దిగాలని లేకపోయినా సరే. సంచి ముందుకు వేసుకోండి. ఇంట్లో ఆడవాళ్లు వాళ్లకే కేటాయించిన మొదటి పెట్టె ఎక్కితే, దిగాక ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి.

నాకు ఇప్పటికీ లొంగనిది బయటి దారి. పైన ఇన్నర్ సర్కిల్‌లో ఎ నుంచి ఎఫ్ దాకా అన్ని బ్లాకులకూ అవే తెల్లని స్తంభాలు. ఒకసారి తొందరలో ఏదో గేటులోంచి పైకి వచ్చి, వలయమంతా చుట్టి మళ్లీ అక్కడికే చేరాను. గేటు నంబరు కనుక్కుని మరీ బయలుదేరండి. కొన్నేళ్లుగా డిసెంబరు 31 రాత్రి తొమ్మిది దాటాక ఇక్కడ బయటికి వదలడం లేదు, అదీ గుర్తుంచుకోండి.

2018 డిసెంబరు 31న మా మయూర్ విహార్‌కు పింక్ లైన్ వచ్చింది. ఐఎన్ఏ స్టేషన్‌లో ఎల్లో లైన్‌కు మారితే సికందర్‌పూర్ చేరిపోవచ్చు. నోయిడా నుంచి గుడ్‌గావ్ వెళ్లేవారికి బొటానికల్ గార్డెన్‌లో మజెంటా ఎక్కి హౌజ్ ఖాస్‌లో మారే దారి ఉంది. పని దినాల్లో అవే మేలు.

నేను మాత్రం ఆదివారాలు రాజీవ్ చౌక్ మీదుగానే వెళ్తాను. అక్కడి నుంచి పటేల్ చౌక్ ఒక్క స్టేషనే, దిగి నడిస్తే ఆంధ్రా భవన్ భోజనం. కాస్త పెందలాడే బయలుదేరితే నేల మీది పాదముద్రలు కూడా కనిపిస్తాయి.